ఒక్క ప్రమిదకు ముగ్గురు సన్యాసయ్యలు

అమ్మవారి సంబరం నాడు పందిరి కింద మేజరు సన్యాసయ్యకూ, కొబ్బరికాయలు దింపే సన్యాసయ్యకూ తగువొచ్చింది. మేజరు పటాలంలో ఏళ్ల తరబడి ఆఫీసరుగా చేసి వచ్చినవాడు. "ఎవరు పిలిచినా ఇద్దరం తిరిగి చూస్తున్నాం. నువ్వు పేరు మార్చుకో" అన్నాడు, సిపాయికి చెప్పినట్టు.

మావాడు, అదే నాకు తమ్ముడి వరసైన కొబ్బరికాయల సన్యాసయ్య, చెవి మీది బీడీ తీసి నింపాదిగా వెలిగించాడు.

"బావా, నీకు పించనుంది, మీసముంది. పేరు లేపోయినా నిన్ను పోలుత్తారు. నాను మార్సుకుంటే ఇంటికొచ్చినోడెవుడో నా పెళ్ళానికే తెల్దు. నువ్వే మార్సుకో."

పందిరంతా నవ్వింది. మేజరూ మీసం చాటున నవ్వి కూర్చున్నాడు.

మావాడికి నోరెంతో చెయ్యీ అంతే. చెట్లెక్కీ ఎక్కీ ఛాతీ చెట్టు బెరడులా అయిపోయింది. కిడ్నీ రోగి ఉన్న ఇంటికి మాత్రం బొండం అమ్మేవాడు కాదు, డాక్టర్లు వద్దన్నారని.

మూడో సన్యాసయ్య తప్పెటగుళ్లు ఆడి ఢిల్లీ దాకా పేరు తెచ్చుకున్నవాడు. ముగ్గురికీ ఒకే పేరు ఎందుకొచ్చిందో బతికున్నవాళ్లలో నాకే తెలుసు. వాళ్ల తల్లులకు బిడ్డలు నిలిచేవారు కాదు. బారువ దారిలో ఒక సన్యాసి సమాధి ఉంది. పుట్టబోయే బిడ్డకు ఆయన పేరు పెడతామని మొక్కుకుని, ఏ తల్లి దీపం ఆ తల్లి పెట్టాలి. ఆ రోజు సముద్రపు గాలి. ఒకరిది నిలిస్తే ఒకరిది ఆరిపోతోంది. విసుగెత్తి ముగ్గురూ ఒకే ప్రమిదలో నూనె పోసి, ఒకే వత్తి వెలిగించి వచ్చేశారు. నేను వాళ్ల కొంగు పట్టుకుని వెళ్లినదాన్ని. మా నాయనమ్మ విని, "మూడు పేణాలకి ఒక్క వత్తేటే" అని తిట్టిపోసింది.

తప్పెటగుళ్ల సన్యాసయ్య కిడ్నీలు పోయి చచ్చిపోయాడు. ఇంటికో కిడ్నీ రోగి ఉన్న మా ఉద్దానంలో దాన్నెవరూ వింతనుకోరు. ఏడాది తిరక్కుండా మేజరూ పోయాడు. ఆ ప్రమిద సంగతే ఎరగని మనిషి, పలాస కిడ్నీ ఆసుపత్రిలో మంచం మీద "వత్తి అయిపోతోంది, చూడండి" అని పలవరించాడట. అతని భార్య కామాక్షి చెప్పింది.

అప్పటినుంచి మావాడు చెట్టెక్కడం మానేశాడు.

"మట్టమద్దేన్నం సెట్టు మీద నూని కాలిన వోసనొత్తంది అప్పా."

"కల్లు తాగి ఎక్కితే అన్ని వోసనలూ వొత్తాయిరా" అన్నాను.

మర్నాడు మధ్యాహ్నం వాడి తోటలోకి వెళ్లి నిలబడ్డాను. ఒక్క మట్ట కదలడం లేదు. దగ్గర్లో పొయ్యి గానీ ఇల్లు గానీ లేదు. వాసన వచ్చింది. ఇంటికొచ్చి తలుపేసుకున్నాను.

ఆ నెలలోనే వాడి కాళ్లు పొంగాయి. రక్తం పరీక్షలో అదే జబ్బని తేలింది. ఇక దాచలేక ప్రమిద సంగతంతా వాడికి చెప్పాను. వాడు మా అరుగు మీద కూర్చుని నా ముఖం చూడకుండా మాట్లాడాడు.

"మా కూతురు భానుకి నెల్లు నిండినాయప్పా. నాను పోయినాక మగపిల్లోడు పుడితే, తాత పేరని ఏడ్సుకుంటా నా పేరే ఎట్టేత్తారు. ఆ దీపంలోకి ఈడినీ నెట్టేత్తారు. మన ఈదిలో పెద్దదానివి, బిడ్డ సెవిలో ముందు పేరు సెప్పేది నువ్వు. ఎవులేటన్నా సరే, ఏరే పేరేదన్నా సెప్పీయి. ఇది మాత్రం సెప్పకు."