చిక్కడపల్లిలో పెద్ద టర్బో

ఆ రోజుల్లో కార్లు అమ్మేవాడికి కారు నడపడం రాకపోయినా ఫరవాలేదు, మెడలో టై, నోట్లో నాలుగు ఇంగ్లీషు ముక్కలు ఉంటే చాలనుకునేవారు. తొంభైల చివర్లో నారాయణగూడ షోరూంలో నాకు మొదటి ఉద్యోగం దొరికింది అలాగే. (టై మా బావది. ముడి కూడా ఆయనే వేసిపెట్టాడు. నేను దాన్ని విప్పకుండా తల మీంచి తీసి మేకుకు తగిలించేవాణ్ణి.) చేరిన దగ్గర్నుంచీ ఒక్క బండీ అమ్మలేదు. మాటలు టపటపా పేల్చే మా మేనేజరును మేం చాటుగా తుపాకీ సార్ అనేవాళ్లం. ఆయన ఒకరోజు, "ఈ నెల గూడ ఏం అమ్మకపోతే మళ్ల రాకు తమ్మీ" అని పేల్చేశాడు. పైగా ఒక షరతు. మా దగ్గర ఒకే డీజిలు కారు రెండు రకాలుగా ఉండేది. ఒకదానికి చిన్న టర్బో, ఇంకోదానికి పెద్దది. టర్బో అంటే ఇంజనులోకి గాలిని బలవంతంగా తోసి జోరు పెంచే పరికరం. పెద్దవి అమ్ముడుపోక మిగిలిపోయాయి, ముందు అవే వదిలించాలి.

అప్పుడొచ్చారు అశోక్‌నగర్ నుంచి రిటైరైన లెక్కల మాస్టారు, ఆయన భార్య. మాస్టారు అప్పుడే డ్రైవింగు నేర్చుకున్నారు. ఆవిడకేమో మోకాళ్ల నొప్పులు, ఆటోల కోసం నిలబడలేక కూతురింటికి వెళ్లడమే మానేశారట.

"టర్బో ఉందంటే రెండు ఇంజన్లున్నట్టేనమ్మా" అన్నాను.

"ఏదీ, ఆ రెండోది చూపించు బాబూ."

చూపించలేక, గబగబా ట్రయల్‌కు బయల్దేరదీశాను.

ముందు పెద్ద టర్బో. చిక్కడపల్లి మార్కెట్ దగ్గర ఆవిడ ఆపించి టమాటాలు కొన్నారు (ఎలాగూ ఇటు వచ్చాం కదా అని). బండి మాత్రం నీరసంగా పాకుతోంది.

"ఏవయ్యా, నువ్వు చెప్పిన జోరేదీ?" అన్నారు మాస్టారు.

"తొక్కండి సార్, ఇంకా తొక్కండి" అన్నాను, నడపడం రానివాడి ధైర్యంతో.

తొక్కారు. ఏమీ కాలేదు. ఇంకా తొక్కారు. పెద్ద టర్బో స్వభావమే అది. ఇంజను బాగా వేగం అందుకునేదాకా నిద్రపోతుంది, లేస్తే ఒక్క ఉదుటున లేస్తుంది. అది మిర్చి బజ్జీల బండి ఎదురుగా లేచింది. కారు ముందుకు దూకింది, మాస్టారు రెండు కాళ్లతో బ్రేకు మీద నిలబడినంత పని చేశారు, బజ్జీల బండికి జానెడు దూరంలో ఆగాం. వెనక నుంచి ఆటోవాడు తల బయటపెట్టి, "ఏంది పెద్దాయనా, బజ్జీలు గావాల్నంటే జర దిగి తినరాదూ?" అన్నాడు. నేను టైతో సహా సీటు కింద దూరి టమాటాలు ఏరాను.

తర్వాత చిన్న టర్బో. అది నెమ్మదిలోనే అందుకుని, అశోక్‌నగర్ సందుల్లో చెప్పినట్టు వింది. వెనక సీట్లో ఆవిడ కునుకు తీశారు.

షోరూంలో తుపాకీ సార్ ఎదురొచ్చాడు. "పెద్దదే గద మంచిగున్నది? చెప్పు తమ్మీ!"

ఆవిడ నా వైపు తిరిగారు. "మీ అమ్మను ఎక్కించుకు తిప్పాలంటే నువ్వేది కొంటావు బాబూ?"

నెలాఖరు గుర్తొచ్చింది, ఉద్యోగం గుర్తొచ్చింది. కానీ ఆవిడ చేతిసంచీలో చితికిన టమాటాలు కనిపిస్తున్నాయి. "చిన్నదేనమ్మా. పెద్దది హైవేల మీద తిరిగేవాళ్లకు" అన్నాను. వాళ్లు చిన్నదే బుక్ చేసుకుని వెళ్లారు. నేను మెల్లగా సంచీ భుజాన వేసుకున్నాను.

"ఏడికి?" అన్నాడు తుపాకీ సార్.

"రావద్దంటరేమో అని సార్..."

"బండి అమ్మితివి గదా! పో, చాయ్ తాగి రా. ఇగ పెద్దదాన్ని మార్కెట్ దిక్కు మాత్రం తీస్కపోకు."

బండి చేతికొచ్చిన రోజు మాస్టారు దంపతులు నన్నూ ఎక్కించుకుని కూతురింటికి బయల్దేరారు. లోయర్ ట్యాంక్ బండ్ మీద రోడ్డు ఖాళీగా కనబడగానే మాస్టారు ఊపిరి బిగబట్టి మొదటిసారి మూడో గేరు వేశారు. ఆవిడ చప్పట్లు కొట్టారు.

టర్బో గురించి నేను బట్టీ పట్టిన ఇంగ్లీషులో ఒక్క ముక్కా ఇప్పుడు గుర్తులేదు. గేరు పడగానే మాస్టారు ఆవిడ వంక చూసిన గర్వపు చూపు మాత్రం గుర్తుంది. వెనక సీట్లో, ఆ ఇంజనును తనే తయారుచేసినట్టు కాలరు సర్దుకున్న ఒక బక్కపల్చటి కుర్రాడు కూడా.