కంటికి అంటని పసుపు

ఎనభైల చివర్లో ఆర్మూర్ యార్డులో పసుపు కొమ్ములు ఏరే మా ఆడవాళ్లందరికీ ఆమె పెద్దక్క. సీజనంతా మా చేతులూ మెడలూ పచ్చగానే ఉండేవి. పనిలో కూర్చోకముందే ఆమె ఒక్కొక్కరినీ ఎండలోకి పిలిచి, బొటనవేలు చీరకు తుడుచుకుని, కింది రెప్ప జార్చి కన్ను చూసేది.

"పసుపు తోలుకంటుతది గాని కంటికంటదు బిడ్డా. మా ఆయన ఒళ్లు పచ్చగైతే యార్డు పసుపే అనుకొని రోజూ రుద్ది తానం పోసిన. కామెర్లని తెలిసేసరికి ఆల్శమైంది."

ఆ వేలు నా రెప్పను తాకితే చాలు, "నీది తెల్లగనే ఉంది, పో" అనేదాకా ఊపిరి బిగబట్టేదాన్ని.

ఒక పొద్దున ఆమె ఎవరినీ పిలవలేదు. కొంగు నుదుటి మీదికి లాక్కుని, వెలుతురుకు వీపు పెట్టి కూర్చుంది. నేను ఆమె రెప్ప మీదికి వేలు చాచాను. చెయ్యి గట్టిగా పట్టుకుంది.

"పొద్దుగాల్నే అద్దంల చూసుకున్న. ఆళ్లకు చెప్పకు, భయపడ్తరు."

"దవాఖానకు పోదాం అక్కా."

"పోదాం తియ్యి. ముందుగాల నీ కన్ను చూపియ్యి."

చూసింది.

"నీది తెల్లగనే ఉంది, పో."

ఆ మాట విన్నాక కూడా ఆ రోజు నాకు ఊపిరి ఆడలేదు.