మేస్త్రీ తుడిచిన లెన్సు

లెన్సులు బాగుచేసే మేస్త్రీ దగ్గరికొచ్చి ఎవరైనా "ఇది షార్ప్‌గా లేదండీ" అన్నారా, ఇక అయిపోయారన్నమాటే. పని ఆపి మరీ క్లాసు పీకేవాడు.

"షార్ప్ అంటే ఏంటి? సన్నగీతలు దేనికది విడిగా పడటం ఒకటి, అది రిజల్యూషన్. నలుపు నలుపుగా, తెలుపు తెలుపుగా నిలబడటం ఇంకోటి, అది కాంట్రాస్ట్. మొదటిది ఎంతున్నా రెండోది లేకపోతే బొమ్మ చప్పగానే ఉంటుంది."

వినేవాళ్ళు దిక్కులు చూసేవారు. ఆయనకదేం పట్టేది కాదు.

అలాంటి మనిషికి ఈమధ్య ఏ లెన్సు చూసినా మసక. కొత్తదీ అంతే, పాతదీ అంతే. ఇప్పటి సరుకంతా దండగని కంపెనీలన్నిటినీ కలిపి తిట్టిపోశాడు. మెట్లు దిగుతూ తడబడ్డాడు. భార్య ఊరుకుంటుందా, కళ్ళజోళ్ళ దుకాణానికి లాక్కెళ్ళింది. అక్కడ చార్టులో ఆఖరి వరస కూడా గడగడా చదివేసి, "చూశావా? నా కళ్ళకేం ధోకా లేదు" అని మీసం మెలేశాడు. చదవడా మరి? తెల్ల అట్ట మీద నల్ల అక్షరాలాయె.

ఆ వారమే బావమరిది తన లెన్సు తెచ్చాడు. మనుషుల ఫొటోలు తీసి బతికేవాడతను.

"రింగు బిగుసుకుపోయింది బావా. అది వదులుచేస్తే చాలు, ఇంకేం ముట్టుకోకు. నాకు తిండి పెట్టేది ఇదే."

రింగు ఇట్టే వదిలింది. అక్కడితో ఆగొచ్చుగా! దీపానికి ఎదురుగా పెట్టి చూస్తే లోపల మసకే. విప్పాడు, తుడిచాడు. పోలేదు. పాలిష్ పొడి తీశాడు. అద్దం మీద పలచటి పూత ఉంటుందనీ, అది పోతే వెలుగు చెదిరి నలుపు బూడిదరంగుకి తిరుగుతుందనీ అందరికీ చెప్పిన పెద్దమనిషే, పంతం పట్టి ఆ పూత పోయేదాకా రుద్దాడు.

మర్నాడు బావమరిది దాంతో అక్కని ఫొటో తీశాడు. అదే లెన్సుతో ఇదివరకు తీసిన ఫొటో పక్కన పెట్టాడు. అక్క వంగి చూసింది.

"ఇదేంట్రా! వెంట్రుకలు లెక్కపెట్టొచ్చు గానీ, పొగలో కూర్చున్నట్టున్నానే!"

"ఏం చేశావ్ బావా దీన్ని?"

మేస్త్రీ రెండు ఫొటోలూ తీసుకుని కిటికీ దగ్గరికి వెళ్ళాడు. దగ్గరగా పెట్టుకున్నాడు, దూరంగా పట్టుకున్నాడు. తిప్పి తిప్పి చూశాడు.

"ఇందులో పాతది ఏదిరా?"

అరవబోయిన బావమరిది ఆగిపోయాడు. భార్య నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. మసక ఎక్కడుందో మేస్త్రీకి అప్పుడు తెలిసింది. ఫొటోలు కిటికీలో పెట్టేశాడు. తర్వాత బల్ల మీద బాగుచేయమని జనం ఇచ్చిపోయిన లెన్సుల వైపు చెయ్యి చూపించాడు.

"ఎవరివి వాళ్ళకి ఇచ్చెయ్యరా. ఇక్కడుంటే వాటినీ తుడిచేస్తాను."