నరసరావుపేట ఎముకల వార్డులో ఒక ఎండాకాలం

నరసరావుపేట స్టేషన్లో దిగేసరికి పొద్దున తొమ్మిది. అప్పటికే నేల పెనంలా కాలుతోంది. పందొమ్మిది వందల నలభై నాలుగు, రోహిణి కార్తె. నా సామాను ఒక కిట్ సంచి, మెస్ టిన్, మలేరియాకు పసుపు మాత్రల సీసా, రెండు ఉన్ని కంబళ్ళు. రోహిణిలో పల్నాటికి కంబళ్ళెందుకని డిపోలో అడిగాను. "లిస్టులో ఉన్నాయి" అన్నాడు స్టోర్ క్లర్కు. రెండూ భుజాన వేసుకుని ఊళ్ళో నడుస్తుంటే జనం ఆగి ఆగి చూశారు.

అప్పటికి నేను మెడికల్ కోరులో హవల్దారుని. అస్సాం కొండల్లో గాయాలకు కట్లు కట్టీ కట్టీ చివరికి నేనే జ్వరంతో పడ్డాను. లేచాక ఇటు పోస్టింగ్ వేశారు. మాది వెల్దుర్తి దగ్గర పల్లె. సొంత గడ్డ మీద డ్యూటీ కదా అని సంబరపడ్డాను. ఆ సంబరం సాయంత్రం దాకా కూడా నిలవలేదు.

ఆసుపత్రి ఒక స్కూలు బిల్డింగులో పెట్టారు. బెంచీలు వరండాలో గుట్టపోసి, తరగతి గదుల్లో మంచాలు వేశారు. పెంకుటి కప్పు. కిటికీలకు తడిపిన గోనెపట్టాలు. కాళ్ళూ చేతులూ విరిగిన సిపాయిలంతా పెద్ద హాల్లో. దాన్నే ఎముకల వార్డు అనేవాళ్ళం. దానికి సర్జన్ ఒక కెప్టెన్, రాజమండ్రి మనిషి. పొట్టిగా ఉంటాడు. కోపం మాత్రం పొడుగు.

"హవల్దార్, పట్నం కాలేజీ నుంచి ఆరుగురు స్టూడెంట్లు వస్తున్నారు" అన్నాడు. "మూడు నెలలు ఇక్కడ ఎముకల పని నేర్చుకుంటారు. వార్డులో అడుగుపెట్టే ముందు రెండు వారాలు నీ చేతికిస్తా. మనిషిని నొప్పించకుండా ముట్టుకోవడం నేర్పు."

"సార్, నేను ఎనిమిదో తరగతి. వాళ్ళు డాక్టర్లు."

"ఇంకా కాలేదు. అందుకే నీకిస్తున్నా."

వాళ్ళు రైలు దిగి వచ్చారు. అయిదుగురు కుర్రాళ్ళు, ఒక అమ్మాయి. మెరిసే బూట్లు, జేబుల్లో ఫౌంటెన్ పెన్నులు. వాళ్ళల్లో ఒక పొడుగాటి కుర్రాడు ఒంట్లోని ప్రతి ఎముకకూ లాటిన్ పేరు చెప్పగలడు, అడగకపోయినా చెబుతాడు. అతనికి లాటిన్ బాబు అని పేరు పెట్టాను. అమ్మాయిది గురజాల, మిషన్ బడి పంతులుగారి కూతురు. ఆరుగురిలో పల్నాటి మనిషి ఆమె ఒక్కతే. అయినా వచ్చిన రోజు నుంచీ ఇంగ్లీషు తప్ప మాట్లాడలేదు. మా యాసలో మాట్లాడితే తక్కువైపోతామని భయమేమో.

ఆ రెండు వారాలు నా తల ప్రాణం తోకకొచ్చింది. తొడ విరిగినవాడికి మల పాత్ర ఎలా పెట్టాలో ఒక్కరికీ తెలియదు. చూపిస్తానంటే ముక్కు మూసుకున్నారు. తడి ప్లాస్టరు కట్టును అరచేత్తో పట్టుకోవాలి, వేళ్ళతో నొక్కితే గుంట పడుతుంది, ఆ గుంట లోపల చర్మాన్ని తినేస్తుంది. ఈ మాట రోజుకు పదిసార్లు చెప్పాను. పదకొండోసారి చూస్తే ఒక కట్టు మీద అయిదు వేళ్ళ గుంటలు.

"ఎవరిదీ చెయ్యి?"

ఆరుగురూ కప్పు వైపు చూశారు.

చివరికి వాళ్ళనే పడుకోబెట్టాను. ఒక్కొక్కరినీ మంచానికి కట్టి, కాలికి బరువు తగిలించి, పొద్దున్నించి మధ్యాహ్నం భోజనం దాకా కదలనివ్వలేదు. లాటిన్ బాబు గంటకే మంచినీళ్ళన్నాడు. ఇంకో గంటకు దేవుణ్ణి తలుచుకున్నాడు, అదీ తెలుగులో. ఆ పూట నాకు కాస్త ప్రాణం సుఖపడిందని దాచకుండా చెబుతాను.

బరువుల కథ ఒకటుంది. తొడ ఎముక విరిగితే చుట్టూ ఉన్న కండ దాన్ని పైకి గుంజుతుంది. విరిగిన ముక్కలు ఒకదాని మీదికి ఒకటి ఎక్కి, అలాగే అతుక్కుని కాలు పొట్టిదవుతుంది. అందుకని కాలికి పట్టీ అంటించి, తాడు కట్టి, మంచం కాళ్ళ వైపున గిలక మీదుగా బరువు వేలాడదీస్తారు. వారాల తరబడి, రాత్రింబవళ్ళు. ఇనప బరువుల కోసం ఇండెంటు పంపితే దుప్పట్లు వచ్చాయి. అప్పటికే నా దగ్గర రెండు కంబళ్ళున్నాయి. కెప్టెన్ తిట్టాల్సినవన్నీ తిట్టి, రాళ్ళు కొట్టేవాళ్ళను పిలిపించి నాపరాళ్ళకు బెజ్జాలు వేయించాడు. గిలకలు బావుల దగ్గరివి. తూకం వేసి ఒక్కో రాయి మీద పౌన్లు రంగుతో రాశాను.

స్టూడెంట్లు వార్డులోకి వచ్చిన వారంలోనే డ్రైవర్ను తెచ్చారు. సిపాయే, రొంపిచెర్ల వాడు. మాచర్ల రోడ్డులో మిలటరీ లారీ బోల్తాపడి ఎడమ తొడ విరిగింది. మూలనున్న మంచం ఇచ్చారు. ఆ మంచం కాళ్ళ వైపు గోడ ఉంది. గోడకూ మంచానికీ మధ్య ఒక మనిషి దూరేంత సందు. అక్కడే రాయి వేలాడదీశాం.

"డాక్టరుగారూ, కాలు సమంగా వస్తదా?" అని అడిగాడు. "యుద్ధం అయిపోయినాక మాచర్ల బస్సు తోలదామని ఉంది. ఓనరుతో మాటైపోయింది."

"క్లచ్ తొక్కే కాలే ఇది" అన్నాడు కెప్టెన్. "అరంగుళం తగ్గితే ఫరవాలేదు. అంతకు మించితే బస్సు సంగతి మర్చిపో. రాయి జోలికి ఎవ్వరూ పోకుండా ఉంటే సమంగానే వస్తుంది."

అతని తల్లి ఆ మర్నాడే బండి ఎక్కి వచ్చింది. సన్నటి మనిషి, ముతక చీర. రోజూ తెల్లారి నుంచీ వరండాలో బెంచీల గుట్ట పక్కన కూర్చునేది. చూడ్డానికి వచ్చినవాళ్ళను లోపలికి వదిలేది ఒంటిగంట నుంచి మూడు దాకానే. అది కెప్టెన్ ఆర్డరు. ఆ వేళ డాక్టర్లు, స్టూడెంట్లు, ఆర్డర్లీలు అంతా భోజనం చేసి నడుం వాలుస్తారు. ఎవరి పనికీ అడ్డం రారని అలా పెట్టాడు.

రోజూ పొద్దున స్టూడెంట్లు టేపుతో రెండు కాళ్ళూ కొలవాలి. నడుము ఎముక మొన నుంచి చీలమండ దాకా. మొదటి వారం డ్రైవర్ కాలు చక్కగా సాగింది. రెండో వారం తగ్గడం మొదలైంది. కాసింత, ఇంకాసింత. తర్వాత అంగుళం దాటింది.

కెప్టెన్ టేపు విసిరేశాడు. "హవల్దార్! వీళ్ళకు కొలవడం నేర్పావా, బట్టలు కుట్టడం నేర్పావా?"

నేనే కొలిచాను. అంతే వచ్చింది. రాయి ఉంది, తాడు ఉంది, గిలక తిరుగుతోంది. అయినా కాలు తగ్గుతోంది. అందరి చూపూ లాటిన్ బాబు మీద పడింది. కిందటి వారం నాయక్ ర్యాంకు సిపాయి ఒకడు బాధపడుతుంటే చూడలేక అతని రాయిని స్టూలు మీద పెట్టి దొరికిపోయాడు. అప్పుడు నేను పెట్టిన చివాట్లు ఊరంతా విన్నది.

"నేను కాదు హవల్దార్. ఒట్టు" అన్నాడు. ఈసారి ఇంగ్లీషు లేదు, లాటిన్ లేదు.

"వారం రోజుల్లో ఈ కాలు సరికాకపోతే కాలేజీకి రాస్తా. ఆరుగురూ ఎముకల పని చేయలేదని రాస్తా" అని కెప్టెన్ వెళ్ళిపోయాడు.

రాయిని తాడుకు ఇనప తీగతో బిగించి, ఎవరూ ఊడదీయకుండా ముడులు వేశాను. మర్నాడు పొద్దున కొలిస్తే కాలు మళ్ళీ తగ్గింది. నాకు ఒళ్ళు మండిపోయింది. డ్రైవర్నే అడిగాను. "ఏందిరా, రాత్రిపూట నువ్వేమన్నా తాడు గుంజుతున్నావా?"

"రాత్రి ఎక్కడ సార్, నొప్పికి కన్ను మూత పడదు. మధ్యాన్నం పూటే కాసేపు హాయిగా నిద్రపడతంది."

మధ్యాహ్నం అందరికీ ఉడికిపోతుంది. ఒంటి మీద బట్ట నిలవదు. ఆ వేళ వీడికి హాయి ఏమిటి?

ఆ రోజు అన్నం తిని పడుకోలేదు. రెండింటికి వార్డులోకి వెళ్ళాను. గురజాల అమ్మాయి కూడా నా వెనకాలే వచ్చింది. సిపాయిలంతా చెమటల్లో మగతగా పడున్నారు. డ్రైవర్ నోరు తెరుచుకుని నిద్రపోతున్నాడు. తాడు చూశాను. వదులుగా ఉంది. వంగి గోడ పక్క సందులోకి చూశాను.

అక్కడ వాళ్ళమ్మ కూర్చుని ఉంది. చీర చెంగు చుట్టకుదురులా చుట్టి నెత్తిన పెట్టుకుని, దాని మీద రాయిని మోస్తోంది. మెడ బిగపట్టి, కళ్ళు మూసుకుని ఉంది. చెమట గడ్డం మీది నుంచి కారుతోంది. రెండో వారం నుంచీ రోజూ రెండు గంటలు ఆమె చేస్తున్నది అదే.

"ఏం చేస్తున్నావమ్మా!" అని అరిచాను. వార్డంతా లేచింది. ఆమె తల పక్కకు తీసింది. రాయి జారి తాడు బిగుసుకుంది, డ్రైవర్ కేక పెట్టాడు. ఆమె నా కాళ్ళ మీద పడింది.

"మావోణ్ణి ఏమనమాకండయ్యా. వోడికి తెలవదు. వోడు నిద్రపోతన్నాడు."

"నిన్ను రాయి ముట్టుకోమన్నదెవరు?"

"ఊడదీయలేదయ్యా. డాక్టరు దొర ఆర్డరు, దాని జోలికి పోవద్దన్నాడు మావోడు. అందుకని నెత్తిన పెట్టుకున్నా, అంతే. సర్కారు లారీ పాడుజేసినాడు, నిజమే. దానికి ఎన్నాళ్ళని కోదండమేస్తారు? ఆ శిచ్చేదో నాకెయ్యండి. నేను మోస్తా."

వీధి బళ్ళో పాఠం అప్పజెప్పని పిల్లల్ని తాడుకు వేలాడదీసే కోదండం నేనూ అనుభవించాను. పన్ను కట్టనివాణ్ణి ఎండలో వంగబెట్టి వీపు మీద రాయి పెట్టేవాళ్ళని మా తాత చెబుతుంటే విన్నాను. తాడు, గిలక, రాయి, కదలకుండా కట్టేసిన కొడుకు. ఆమెకు అది వైద్యంలా ఎలా కనిపిస్తుంది?

"మరి ఎవర్నీ అడగలేదేమ్మా?" అన్నాను.

"అడిగితే ఇంకో రాయేస్తారని బయమేసింది."

గురజాల అమ్మాయి నేల మీద ఆమె ఎదురుగా చతికిలబడింది. నెల రోజుల్లో మొదటిసారి ఆమె నోట మా భాష విన్నాను. "పిన్నీ, ఇది శిచ్చ కాదు. మందు. ఎముక రెండు ముక్కలైంది. కండ పైకి గుంజుతంది. ఈ రాయి కిందకి గుంజకపోతే ముక్క మీద ముక్కెక్కి అట్టాగే అతుక్కుంటది. కాలు పొట్టిదైద్ది. కుంటోడైతాడు. చూడు, ఇప్పటికే ఎంత తగ్గిందో."

రెండు మడమలూ పక్కపక్కన పెట్టి చూపించింది. తల్లి చాలాసేపు చూసింది.

"ఇన్నాళ్ళూ ఈ ముక్క ఒక్కరన్నా చెప్పలేదేందే?"

అమ్మాయి తల దించుకుంది. అప్పటికి అరుపులు విని కెప్టెన్, మిగతా స్టూడెంట్లు వచ్చారు. సంగతి విని కెప్టెన్ నా మీద పడ్డాడు. "రెండు వారాలు ఏం నేర్పావు వీళ్ళకు? తల్లితో రెండు మాటలు చెప్పాలని నేర్పలేదా?"

"ఆర్డర్లో అది లేదు సార్. మనిషిని ముట్టుకోవడం నేర్పమన్నారు."

"ఇప్పుడు ఉంది."

తప్పు నా ఒక్కడిదే కాదన్న మాట మీదే ఈనాటికీ ఉన్నాను. చూసే వేళ మధ్యాహ్నం పెట్టింది ఆయన. కొలిచింది స్టూడెంట్లు. పల్నాటి మాట వచ్చి కూడా దాచుకున్నది ఆ అమ్మాయి. తిట్లు తిన్నది నేను. అయినా ఆయన అన్నది నిజమే, అదే నాకు మంట.

కెప్టెన్ మళ్ళీ కాలు కొలిచాడు. "ఎముక ఇంకా గట్టిపడలేదు, సాగుతుంది. కానీ ఈ బరువు చాలదు. ఇంకో రాయి వేయాలి."

ఎవరూ కదల్లేదు. ఇంకో రాయి అన్న మాట ఆ తల్లి ముందు అనాల్సి వచ్చినందుకు ఆయన మొహం కూడా మాడిపోయింది. లాటిన్ బాబు రాయి తీసుకొచ్చాడు కానీ ముందుకు అడుగెయ్యలేకపోయాడు.

"ఇటియ్యి నాయనా" అన్నది తల్లి. "నేనేస్తా."

ఆ పైన నెలకు పైగా ఆమె ఆ మంచం కాళ్ళ దగ్గరే ఉంది. కెప్టెన్ చూసే వేళల ఆర్డరు రద్దు చేశాడు. పక్కమంచాల వాళ్ళ రాళ్ళను కూడా ఎవరన్నా ముట్టుకుంటే ఆమె కేకలేసేది, స్టూడెంట్లయినా సరే. కొత్త పేషెంటు వస్తే ముందు వెంట వచ్చిన మనిషిని కూర్చోబెట్టి సంగతి చెప్పడం స్టూడెంట్ల పనిలో చేరింది. దాని మీద కూడా వాళ్ళను నిద్రలేపి మరీ సాధించాను. లాటిన్ బాబు ఒక ముసలాయనకు గంటసేపు చెప్పి, ఆయన "అర్థం కాలే బాబూ" అంటే మళ్ళీ మొదటి నుంచీ చెప్పాడు. చివరి రోజున కెప్టెన్ ఆరుగురి కాగితాల మీదా సంతకం పెట్టాడు.

డ్రైవర్ కాలు అరంగుళం తగ్గి అతుక్కుంది. "క్లచ్చుకు చాలు" అన్నాడు కెప్టెన్. తల్లీ కొడుకూ రొంపిచెర్ల బండి ఎక్కారు.

యుద్ధం అయిపోయింది. మంచాలు లారీల్లో వెళ్ళిపోయాయి, బెంచీలు మళ్ళీ గదుల్లోకి వచ్చాయి. కంబళ్ళు అప్పజెప్పబోతే అవి లిస్టులో లేవన్నారు. వాటిని మోసుకుంటూనే మాచర్ల రైలెక్కి ఇంటికొచ్చాను. ఊళ్ళో ఇప్పటికీ యుద్ధం సంగతులు చెప్పమంటారు. అస్సాం వానలు, జలగలు, బాంబులు చెబుతాను. చెబుతుంటే మధ్యలో నాకు కనపడేది వేరే ఉంటుంది.

ఆ మధ్యాహ్నం, డ్రైవర్ తల్లి లేచి నిలబడింది. లాటిన్ బాబు చేతిలో రాయి అందుకుని, మొదటి రాయి కింద తగిలించి, అడుగున రెండు చేతులూ పెట్టి పట్టుకుంది. చేతులు తీస్తే బరువు పడుతుంది. డ్రైవర్ మంచం పట్టెలు పట్టుకుని, "అమ్మా, ఒద్దే. ఒద్దమ్మా" అన్నాడు. ఆమె కొడుకు మొహంలోకే చూస్తోంది. మేమంతా మొహాలు తిప్పుకున్నాం, ఆమె తిప్పుకోలేదు.

"ఏడువు నాయనా. నేనూ ఏడుస్తా" అంటూ చేతులు నెమ్మదిగా కిందికి దించింది. తాడు బిగిసింది. రాయి గాలిలో నిలబడింది. దాని కింద ఆమె ఖాళీ చేతులు ఇంకా అలాగే చాపి ఉన్నాయి.