తంబోలాలో పుర్రె

గురునాథరావుగారికి తాగుడు లేదు, పేకాట లేదు. ఉన్నదల్లా ఒకటే జబ్బు: బొమ్మ లేని కాగితాన్ని దుకాణం గడప దాటనివ్వరు.

రిటైరయ్యేదాకా ఆయన ఉక్కు ఫ్యాక్టరీలో డ్రాఫ్ట్స్‌మన్. ఇప్పుడు ఆ ఫ్యాక్టరీ కార్మికుల బస్తీ క్యాంప్ 2లో కూతురు అరుణజ్యోతి నడిపే టైపింగు దుకాణంలో రెండో కంప్యూటరు ఆయనది. ఎమ్మెస్సీ లెక్కల కోసం కూతురు నేర్చుకున్న లేటెక్ అనే టైపింగు ప్రోగ్రాం తండ్రికి అంటుకుంది. అందులో మౌసుతో బొమ్మ లాగి పడెయ్యడం ఉండదు. ప్రతి గుర్తుకీ ఒక పేరో నంబరో ఉంటుంది, అది టైపు చేస్తే అచ్చులో బొమ్మ దిగుతుంది. ఫోనుకి ముప్ఫై ఏడు, ఉత్తరానికి నలభై ఒకటి, టిక్కుకి యాభై ఒకటి, ఇంటూకి యాభై ఐదు. పుర్రెలాంటి పెద్దమనుషులు ఆ జాబితాలో ఉండరు, వాళ్ళకి వేరే ఫాంటు తెప్పించాలి. రావుగారికి నాలుగు వందల గుర్తులు కంఠతా వచ్చు. సొంత ఫోన్ నంబరు రాదు.

భోజనం దగ్గరా అదే భాష.

"పప్పు యాభై ఒకటి. వంకాయ యాభై ఐదు."

"వంకాయకేటయింది నాన్నా?"

"ఉప్పు మర్చిపోయేవమ్మా."

పక్క వీధి అనిల్‌కుమార్ గృహప్రవేశం కార్డు మీద వినాయకుడి పక్కనే పిడుగులాంటి మెరుపు వేశారు. "ఇంట్లో కరెంటుంటాది కదా బాబూ" అన్నారు. సెలవు చీటీ టైపు చేయించుకున్నవాడికి, తలుపులోంచి పరిగెత్తే మనిషి. ఒక శుభలేఖ మీద హెల్మెట్ దిగింది. పెళ్ళికొడుకు తల్లి కార్డు పట్టుకుని వచ్చింది.

"ఏటి బాబూ, ఇది మావాడి పెళ్ళా, స్కూటర్ షోరూమా?"

"తల జాగ్రత్తమ్మా. రెండింటికీ పనికొస్తాది."

అరుణజ్యోతి తల పట్టుకుంది. "నాన్నా, బస్ కరో, ఇంక చాలు. గిరాకీ పోతోంది."

ఇంతలో దుకాణమున్న సందులోనే ఉండే తులసమ్మ వచ్చింది. కంట్రాక్టు కింద ఫ్యాక్టరీ షెడ్లు ఊడుస్తుంది. హెచ్చరిక గుర్తు చూపిస్తే అర్థం చెప్పాలి, అదీ ఆవిడకి పెట్టిన భద్రతా పరీక్ష. రెండుసార్లు తప్పింది. మూడోసారి తప్పితే గేటు పాస్ ఉండదు, పనీ ఉండదు.

"నేర్పలేదా మీకు?" అంది అరుణజ్యోతి.

"హిందీ పుస్తకం ఒకటి సదివీసినారమ్మా. నాకు అచ్చరం ముక్క రాదు. ఏలుముద్ర ఎయ్యమంటే ఏసీసినాను."

అర్థంకాని పుస్తకం అరగంట చదివి, వేలిముద్ర తీసుకుని, శిక్షణ ఇచ్చామని రాసుకునే కంట్రాక్టర్లకి మన దేశంలో కరువు లేదు. రేపేదైనా జరిగితే తప్పంతా ఆ వేలిదే.

రావుగారు తలెత్తారు. "పరీక్ష ఎప్పుడు?"

"నెల్లాళ్ళుంది బాబూ."

"అయితే ఆదివారం తంబోలాకి రా."

అరుణజ్యోతికి ఒళ్ళు మండింది. "ఆవిడ నౌకరీ పోతుంటే తంబోలా ఏటి నాన్నా?"

ఆదివారం సందులోని ఆడవాళ్ళంతా చేరారు. తంబోలా అంటే పిలిచిన అంకెల్ని టికెట్టు మీద కొట్టేసుకునే ఆట, కానీ రావుగారు అచ్చువేసిన టికెట్లలో ఒక్క అంకె లేదు. పుర్రె, మెరుపు, మంట, హెల్మెట్, పరిగెత్తే మనిషి.

"నంబర్లు ఏటైపోనాయి బాబూ?"

"ముసలైపోనాయమ్మా. బొమ్మ చూపిస్తాం. అర్థం పైకి చెప్తేనే కొట్టేసుకోవాలి."

పిలిచే పని అరుణజ్యోతి మీద పడింది. మొదటి వారం పుర్రె చూపిస్తే తులసమ్మ "మా అత్త" అంది. అందరూ పడీపడీ నవ్వారు. విషవాయువు అని నాలుగుసార్లు చెప్పాల్సొచ్చింది. నాలుగో ఆదివారం అందరికన్నా ముందు టికెట్టంతా నింపి, ఫుల్ హౌస్ కొట్టి స్టీలు బకెట్టు పట్టుకెళ్ళింది తులసమ్మే.

పరీక్ష రోజు మధ్యాహ్నం ఆవిడ పాస్ మెళ్ళో వేసుకుని దుకాణానికి వచ్చింది.

"పుర్రె సూపించినాడమ్మా. ఇసవాయువు, లోపలికెళ్ళకు అన్నాను. మెరుపన్నాడు, కరెంటు అన్నాను. ఆఖరిది సెప్పీసి ఫుల్ హౌస్ అని అరిసీసినాను. పరీచ్చ పెట్టిన నరేంద్ర సారు భయపడిపోయి కార్డులు కింద పడీసుకున్నాడు. క్యాంప్ 1 ఆడోళ్ళు మాకూ టికెట్లు కావాలంటన్నారు."

రావుగారు టీకి వెళ్ళారు. టికెట్లు తీద్దామని అరుణజ్యోతే ఆయన ఫైలు తెరిచింది. వాక్యం ముందు శాతం గుర్తు పెడితే లేటెక్ దాన్ని అచ్చుకి ఎక్కించదు, తెర మీదే కనిపిస్తుంది. ఆ ఫైలు నిండా శాతం గుర్తులే.

% తులసమ్మకి పుర్రె గుర్తుండట్లేదు. ఈ వారం అన్ని టికెట్లలోనూ పుర్రె.

పాత ఫైళ్ళూ తెరిచింది.

% అనిల్ భార్య స్విచ్ గది ఊడుస్తుంది. చదువు రాదు. కార్డు గోడకి తగిలిస్తారు, రోజూ మెరుపు చూస్తుంది.

% పెళ్ళికొడుకు హెల్మెట్ సంచిలో దాచి పనికెళ్తున్నాడు. పెళ్ళాం శుభలేఖ చూపించి తిడుతుంది.

అరుణజ్యోతి టికెట్ల ఫైలుకి తిరిగొచ్చింది. దాని అడుగున ఒక వరుస చేర్చింది.

% నాన్న: 51.

రాత్రి భోజనాల దగ్గర రావుగారు ఆ సంగతి ఎత్తలేదు. చూశారో లేదో తెలీదు. కంచం ఊడ్చినట్టు తిని లేచారు.

"వంకాయ యాభై ఒకటమ్మా."

అరుణజ్యోతి కూర నోట్లో పెట్టుకుంది. మళ్ళీ ఉప్పు మర్చిపోయింది.