డాక్టరమ్మ చెప్పని మాట

నా చిన్నప్పుడు నేను బడికి వెళ్ళిన రోజులకంటే నన్ను వెతుక్కుంటూ బడి మా ఇంటికి వచ్చిన రోజులే ఎక్కువ. ఆరో తరగతి రెండుసార్లు చదివాను, మొదటిసారి అర్థం కాక, రెండోసారి అలవాటైపోయి. ఏడో తరగతి నా మొహం చూడకుండానే తప్పించుకుంది. లెక్కల పేపరు దిద్దిన అయ్యవారు, "వీడికి సున్నా వేస్తే సున్నాకే అవమానం" అన్నాడు. తరగతంతా నవ్వింది. అందరికంటే గట్టిగా నేను నవ్వాను. నలుగురూ నన్ను చూసి నవ్వేలోగా వాళ్ళకు ఇంకొకరిని చూపించి నవ్వించాలనే విద్య నాకు ఆ రోజుల్లోనే పట్టుబడింది. నాకు వచ్చిన విద్య అదొక్కటే. దాంతో చేసిన ఒక పని ఇన్నేళ్ళ తర్వాత తలుచుకున్నా తల ఎత్తుకోలేను.

మాది తమిళనాడులో, ఆంధ్ర సరిహద్దు దగ్గర వేప్పనపల్లి పక్కన చిన్న ఊరు, చుట్టూ మామిడి తోపులు. మా పక్కింటి అక్క ఆ వీధిలో పదో తరగతి దాటిన మొదటి ఆడపిల్ల. కృష్ణగిరిలో హాస్టల్లో ఉండి ప్లస్ వన్, అంటే పదకొండో తరగతి, చదివేది. ఆ ఏడాది ఉన్నట్టుండి పెట్టె సర్దుకుని ఇంటికి వచ్చేసింది. ఎందుకని అడిగితే చెప్పలేదు. వెనక గదిలో గోడ వైపు తిరిగి పడుకుంది. తల దువ్వుకోదు, అన్నం ముట్టదు, ఏడవను కూడా ఏడవదు. ఊళ్ళో గాలి సోకిందన్నారు. తాయెత్తు కట్టించారు. తమిళంలో ఒకసారి, కన్నడంలో ఒకసారి మంత్రం వేయించారు, ఆ గాలికి ఏ భాష వచ్చో తెలియదు కదా. ఏదీ పనిచేయలేదు. చివరకు హోసూరు ఫ్యాక్టరీలో పనిచేసే ఆమె మేనమామ, ఆ ఊళ్ళో బుధవారం బుధవారం కూర్చునే ఒక డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్ళాడు. ఆ డాక్టరమ్మ సూది వేయదు, గుండెకు గొట్టం ఆనించదు. ఎదురుగా కూర్చోబెట్టుకుని గంటసేపు మాట్లాడిస్తుంది. ఊరంతా ముక్కున వేలేసుకుంది. మాట్లాడించడానికైతే హోసూరు దాకా ఎందుకు, మా అవ్వను పంపిస్తే మూడు గంటలు మాట్లాడిస్తుంది కదా అన్నాను నేను. అందరూ నవ్వారు.

మా వైపు వయసొచ్చిన పిల్లను ఒంటరిగా బస్సు ఎక్కించరు. తోడు ఒక మగపిల్లవాడుంటే చాలు, వాడు జానెడున్నా సరే. వాళ్ళ నాన్నకు తోపు పని, అమ్మకు ఇంట్లో చిన్నపిల్లలు. బడికి ఎలాగూ పనికిరాని నేను బుధవారాలకు పనికొచ్చాను. వేప్పనపల్లి నుంచి కృష్ణగిరికి ఒక బస్సు, అక్కడి నుంచి హోసూరుకు ఇంకొకటి. అక్క కిటికీ పక్కన కూర్చుని బయటికి చూస్తూ ఉండేది. గుడ్డసంచీ పట్టుకోవడం, డాక్టరమ్మ గది బయట బల్ల మీద కూర్చోవడం నా పని. అందుకు కృష్ణగిరి బస్టాండులో రెండు మిరపకాయ బజ్జీలు. ఆరేడు వారాలకు అక్కలో కొంచెం కదలిక వచ్చింది. సాయంత్రాలు అరుగు మీదికి వచ్చి కూర్చునేది. ఒకరోజు బస్సులో నేను కండక్టరులా నడిచి చూపిస్తే పెదవి చివర నవ్వింది. ఆ నవ్వు నేనే తెప్పించానని ఊళ్ళో పదిమందికి చెప్పుకున్నాను.

ఒక బుధవారం తిరుగు బస్సులో అక్కకు నిద్ర పట్టింది. ఊరికే ఉండలేక సంచీలో చెయ్యి పెట్టాను. నోటుపుస్తకం తగిలింది. తెరిచాను. ఆ రోజు ఏ పని చేసిందో, చేశాక మనసుకు ఎలా ఉందో, పదికి ఎన్ని మార్కులో డాక్టరమ్మ రాయమన్నట్టుంది. "తల దువ్వుకున్నాను, పదికి రెండు. కోళ్ళకు నూకలు వేశాను, పదికి మూడు." పుస్తకం వెనక వైపు వేరేగా రాసి ఉంది. ఆమెకు తన గురించి వచ్చే చెడ్డ ఆలోచన ఒక పక్క, అది నిజమేనా అనే ప్రశ్న ఇంకో పక్క. ఆ ఆలోచనలు ఇక్కడ రాయను. బడిలో ఏం చేసినా మార్కులు రాని నాకు, తల దువ్వుకుంటే మార్కులేమిటని పొట్ట పగిలేంత నవ్వు వచ్చింది.

అది మామిడికాయల కాలం. మండీలో ఆడవాళ్ళంతా కుప్ప చుట్టూ కూర్చుని, పెద్ద కాయలు ఒక పక్కకు, చిన్నవి ఒక పక్కకు, మచ్చ పడినవి ఒక పక్కకు ఏరుతుంటారు. మా అవ్వ కూడా అక్కడే పని చేసేది. చేతికి పని ఉన్నా చెవులు ఖాళీగా ఉండే చోటు. నేను తలకు తువ్వాలు చుట్టుకుని, ఒక ఖాళీ బుట్ట బోర్లించి దాని మీద నిలబడి అక్క గొంతుతో మొదలుపెట్టాను.

"తల దువ్వుకున్నాను, పదికి రెండు! గొంతు సవరించుకున్నాను, పదికి ఐదు! ముక్కు చీదినాను, పదికి ఎనిమిది!"

"ఒరే, ముక్కుకే ఎనిమిదైతే తుమ్ముకు ఎంతప్పా?" అని ఒకామె అడిగింది.

"తుమ్ముకు పదికి పది, ప్లస్ టూకి సీటు కూడా!"

కాయలు చేతుల్లోంచి జారేలా నవ్వారు. మా అవ్వ కూడా కొంగు నోట్లో పెట్టుకుని నవ్వింది. ఆ నవ్వు చాలలేదు నాకు. వెనక పేజీలో ఉన్న ఒక మాటను కూడా, అక్క తన గురించి తాను రాసుకున్న మాటను, ముక్కుతో మూలుగుతూ చదివినట్టు చెప్పాను. ఈసారి నవ్వు సగంలో ఆగింది. వాళ్ళు నన్ను చూడటం లేదు, నా వెనక చూస్తున్నారు.

వాకిట్లో అక్క నిలబడి ఉంది. నున్నగా తల దువ్వుకుంది, కనకాంబరాలు పెట్టుకుంది. మనుషుల మధ్య అరగంట కూర్చుని రావడం ఆమెకు ఆ వారం ఇచ్చిన పని అని తర్వాత తెలిసింది. ఇల్లు దాటి ఆమె తనంతట తాను వచ్చింది ఆ రోజే. వెనక్కు తిరిగి వెళ్ళిపోయింది. నేను బుట్ట మీదే నిలబడి ఉన్నాను. దిగాలని తోచలేదు.

ఆ రోజు నుంచి మళ్ళీ గోడ వైపే. నోటుపుస్తకం పొయ్యిలో పెట్టిందట. వాళ్ళమ్మ, నేను పెద్దమ్మ అని పిలిచే ఆమె, పిల్లను వదిలి నీళ్ళకు కూడా వెళ్ళడం మానేసింది. ఎందుకు మానేసిందో పిల్లవాడినైనా నాకు అర్థమైంది. గోడ మీదుగా మా అవ్వతో ఆమె చెప్పుకోవడం విన్నాను. "ఇంక ఆ గడప తొక్కనంటాదమ్మా. బుక్కులోదే ఊరంతా పాకింది, నోటితో చెప్పింది పాకకుండా ఉంటాదా అంటాది. నీ మనవడు ఆడ బయట కూసుంటాడు గదా, డాక్టరమ్మే వానికి అంతా చెప్తాందని దాని అనుమానం."

మా అవ్వ నన్ను కొట్టలేదు. కొట్టి ఉంటే ఒక ఏడుపుతో అయిపోయేది. మంగళవారం సాయంత్రం పిలిచి, "రేపు నాతో హోసూరుకు రా" అంది.

"ఏందానికవ్వా?"

"నీకు నోరుంది గదా. అక్క ఏమేం చెప్పిందో ఆ డాక్టరమ్మ దగ్గర రాబట్టు, చూద్దాం. రాబట్టినావంటే నిన్ను మించినోడు లేడని నేనే ఊరంతా చెప్తాను."

పక్కింట్లో పిల్ల అన్నం మానేసి పడుకుని ఉంటే, సిగ్గులేని నాకు ఆ మాటతో హుషారు వచ్చింది. దారి పొడవునా ఏమడగాలో, ఎలా అడగాలో కట్టుకుంటూనే ఉన్నాను.

అక్క కూర్చునే కుర్చీలో నన్ను కూర్చోబెట్టి అవ్వ బయటికి వెళ్ళిపోయింది. డాక్టరమ్మ తమిళావిడ, తెలుగు నిదానంగా, ఒక్కో మాటా తూకం వేసినట్టు మాట్లాడేది. ఏం కావాలని అడిగింది.

"అక్క రాలేదమ్మా. ఆమె బదులు నేను వచ్చినాను. పోయిన వారం యాడి దాకా చెప్పిందో చెప్తే మిగిలింది నేను చెప్పేస్తాను."

ఆమె నవ్వలేదు, కోప్పడలేదు. "ఆ అమ్మాయి గురించి నేను నీతో మాట్లాడను" అంది.

"మేము పక్కింటోళ్ళమే కదమ్మా."

"అయినా మాట్లాడను."

"బాగవుతాదా లేదా, అదొక్కటన్నా చెప్పండి."

"అదీ చెప్పను. ఆమెది ఆమే చెప్పాలి. నీది ఏదైనా ఉంటే చెప్పు, వింటాను."

నాది చెప్పడానికి నోరు తెరిచాను. ఏమీ రాలేదు. నా దగ్గరున్నవన్నీ పక్కవాళ్ళవే. కండక్టరు నడక, అయ్యవారి గొంతు, పెద్దమ్మ ఏడుపు, అక్క నోటుపుస్తకం. అవి పక్కన పెట్టేస్తే ఈ నోటికి పనే లేదని ఆ కుర్చీలో తెలిసింది. ఆమె తొందర పెట్టలేదు. చివరికి నాదే చెప్పాను. సంచీలో చెయ్యి పెట్టడం, బుట్ట ఎక్కడం, తరగతిలో సున్నాకు అందరూ నవ్వినప్పుడు నేను ఎందుకు ఇంకా గట్టిగా నవ్వానో, అన్నీ.

"అందరూ నవ్వినప్పుడు నీకు ఎలా ఉండింది?" అని అడిగింది.

"బాగుండింది."

"ఇప్పుడు?"

"అక్క చచ్చిపోతాదా?" అన్నాను. ఆ మాట అంతవరకు ఎవరితోనూ అనలేదు, నాతో నేను కూడా.

డాక్టరమ్మ నీళ్ళ గ్లాసు నా వైపు జరిపింది. ఇలాంటి భయం మాత్రం లోపల దాచుకోవద్దని, ఇంటికి వెళ్ళగానే ఆమె తల్లికి చెప్పమని, పిల్లను ఒంటరిగా వదలవద్దని, ఆ అమ్మాయి సరేనంటే మా ఊరికి తానే వస్తానని చెప్పింది. మిగిలిందంతా ఈ గది దాటదు అంది.

అవ్వ లోపలికి వచ్చి, "ఏం చెప్పినాడమ్మా మావోడు?" అని అడిగింది.

"అది మీ మనవణ్ణే అడగండి" అంది డాక్టరమ్మ.

నా మాటను ఒక పెద్ద మనిషి దాచిపెట్టడం నేను అంతవరకు ఎరగను. మా ఊళ్ళో పిల్లలు చెప్పింది పెద్దలు అరుగు మీదే పంచిపెట్టేస్తారు. అవ్వ ముందు ఆ నాలుగు మాటలు విన్నప్పుడు, నా చొక్కా విప్పమని ఎవరో అడిగితే ఇంకెవరో వచ్చి దుప్పటి కప్పినట్టయింది. ఆ వెంటనే, నేను అక్కకు ఏం చేశానో పూర్తిగా అర్థమైంది. బస్సు గురుబరపల్లి చేరేదాకా తల ఎత్తలేదు.

"ఏమన్నా రాబట్టినావా?" అంది అవ్వ.

"ఒక్క ముక్క చెప్పలేదవ్వా."

"నాకూ చెప్పలేదు. ఆ పిల్ల ఆడికి పోవచ్చా లేదా అని నాకూ తెలుసుకోవాలనుండింది. ఇప్పుడు తెలిసింది." కొంగు సర్దుకుని, "ఈ మాట నువ్వే పోయి ఆ పిల్లకి చెప్పల్ల. నేను చెప్తే నమ్మదు. మండీలో నేనూ నవ్వినాను" అంది.

ముందు పెద్దమ్మతో నా భయం చెప్పాను. ఆమె నా తల మీద చెయ్యి పెట్టింది. తర్వాత వెనక గది గడప దగ్గర నిలబడ్డాను. లోపలికి వెళ్ళే హక్కు నాకు లేదనిపించింది. అక్క వీపు నా వైపు ఉంది.

"అక్కా, నీ సంచీలో బుక్కు నేనే తీసి చదివినాను. డాక్టరమ్మ నాకు ఎప్పుడూ ఏమీ చెప్పలేదు. ఈ పొద్దు పోయి అడిగినాను, అయినా చెప్పలేదు."

నవ్వించే మాటలు రెండు మూడు నోటి దాకా వచ్చాయి. మింగేశాను.

"నిజంగా పోయి అడిగినావా?" అంది గోడ వైపే చూస్తూ.

"మూడుసార్లు అడిగినానక్కా."

"సిగ్గు లేదా నీకు?"

"అడిగేటప్పుడు లేదక్కా. ఇప్పుడు ఉంది."

ఆ తర్వాతి బుధవారం అక్క బస్సు ఎక్కింది. వాళ్ళమ్మ తోడు వెళ్ళింది, చిన్నపిల్లలను మా అవ్వ చూసుకుంది. నన్ను మళ్ళీ ఎన్నడూ తోడు పిలవలేదు. ఏడాది పైనే అలా బుధవారాలు నడిచాయి. మధ్యలో మళ్ళీ పడుకుంది, మళ్ళీ లేచింది. ఆ తర్వాత చదువు పూర్తి చేసి, కృష్ణగిరి వైపే టీచరైంది. నేనేమో ఆ బుధవారాల్లో రోడ్డు పక్కన నిలబడి బస్సులు చూడటం నేర్చుకున్నాను.

ఇన్నేళ్ళు నేను మోసుకు తిరుగుతున్నది ఆ బుట్ట మీద నిలబడ్డ నిమిషాన్ని. అయితే అది నన్ను పూర్తిగా మార్చిందని చెబితే అబద్ధం. ఇప్పుడు నాకు హోసూరులో ఫ్యాక్టరీల దగ్గర టీ అంగడి ఉంది. ఆంధ్ర నుంచి, తెలంగాణ నుంచి, మా కృష్ణగిరి వైపు నుంచి పనికి వచ్చిన పిల్లలు చేరుతుంటారు. వాళ్ళలో ఒకడు మనసు బాగాలేక కౌన్సెలింగుకు వెళుతున్నాడని మిగిలినవాళ్ళు ఏడిపిస్తుంటే నాకు కోపం వచ్చి, అక్క కథంతా చెప్పాను. ఊరు చెప్పాను, ఇప్పుడు ఏ బడిలో ఉందో కూడా చెప్పాను, నిజమని నమ్మాలని. ఇద్దరు కళ్ళు తుడుచుకున్నారు. మంచి పని చేశానని ఛాతీ విరుచుకున్నాను. వాళ్ళలో ఒకడు ఆమె దగ్గర చదువుకున్న పిల్లవాడు. సొంత కోడలికి కూడా అక్క చెప్పుకోని సంగతి, వారం తిరగకుండా ఆమె ఇంటికే చేరింది.

ఈ కథ రాసిన కాగితాలు ఎవరికీ ఇవ్వకముందు ఆమె ఇంటికి వెళ్ళి, మొదటి నుంచి చదివి వినిపించాను. రెండు చోట్ల కొట్టేయమంది, కొట్టేశాను. పేరు వద్దంది, రాయలేదు. అలా ముందుగా వెళ్ళి అడిగే బుద్ధి ఈ వయసులో నాకు వచ్చిందంటే, ఆ వారం ఆమె ఫోను చేసి అన్న మాట వల్లే.

"అప్పుడు నాది చెప్పి నలుగుర్ని నవ్విస్తివి. ఇప్పుడు అదే చెప్పి నలుగుర్ని ఏడిపిస్తా ఉండావు. రెండుసార్లలో ఒక్కసారన్నా నన్ను అడిగినావా అప్పా?"