మా ఓనరమ్మ బిడ్డలు

దిల్‌సుఖ్‌నగర్‌లో మా ఇంటి ఓనరమ్మది నల్గొండ వైపు. కూరగాయలమ్మే అతన్నైనా, కరెంటు మీటరు చూసేవాణ్నైనా "బిడ్డా" అనే పిలిచేది. కోచింగ్ కోసం గుంటూరు నుంచి వచ్చిన నన్నూ అంతే.

తెలంగాణ ఉద్యమం రోజుల్లో, ఒక బంద్ నాడు, ఆవిడా నేనూ ఎల్.బి.నగర్ నుంచి నడిచి వస్తున్నాం. మా వీధి మొదట్లో జెండాలు పట్టుకున్న కుర్రాళ్లు ఆపి, "ఏ ఊరక్కా నీది?" అని నన్నడిగారు. నోరు విప్పితే నా యాస తెలిసిపోతుంది.

ఆవిడ నా చెయ్యి పట్టుకుని, "నా బిడ్డ. మాటలు రావు దానికి," అంది.

కుర్రాళ్లు పక్కకు జరిగారు.

గేటు దగ్గర అడిగాను. "ఆంటీ, అంత అబద్ధం ఎలా ఆడారు?"

"మాటలు రావన్నదొక్కటే గద బిడ్డా అబద్ధం!"

కొంగు నడుముకు చెక్కి, "జై తెలంగాణ" అంటూ ఆ కుర్రాళ్లలోకే వెళ్లిపోయింది.